మూడు చెంచాల పెట్రోలు

ఆర్టీసీ డిపోలో ఎవరిని కదిపినా వినిపించే మాట ఒకటుంది: కేఎంపీఎల్. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. బస్సు తిరిగిన కిలోమీటర్లు, డిపో బంకులో పోయించిన డీజిలు ఏ రోజుకారోజు కాగితమ్మీదికెక్కుతాయి. నెల తిరిగేసరికి ఎవరి కేఎంపీఎల్ ఎంతో డిపో అంతటికీ తెలిసిపోతుంది. బాగా తెచ్చినవాళ్లకు మెప్పు దొరుకుతుంది, ఒక్కోసారి బహుమతి కూడా. తగ్గినవాళ్ల పక్కన సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరు కూర్చుని, కాలు ఎక్కడ తప్పు చేస్తోందో గమనిస్తాడు.

బస్సు అదే, రూటు అదే, ఎక్కేదిగే జనమూ దాదాపు అంతే. అయినా డ్రైవరు మారితే లెక్క మారుతుంది. ఆర్టీసీ బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్ల చుట్టుపక్కల ఇస్తుంది. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సుకు 60 లీటర్లు కావాలి. అదే 5.1 వస్తే 58.8 లీటర్లు చాలు. దశాంశం తర్వాత ఒక్క అంకె మారితే బస్సుకు 1.2 లీటర్లు, వెయ్యి బస్సులకు రోజుకు 1,200 లీటర్లు మిగిలాయన్నమాట. డిపో మేనేజర్లు ఆ చిన్న అంకె కోసం అంతలా పట్టుబట్టడంలో అర్థముంది.

సొంత కారు నడుపుకునేవాళ్ల పక్కన ఇన్‌స్ట్రక్టరు ఉండడు. మైలేజీ పడిపోతే ముందు కంపెనీని తిట్టుకుంటారు, తర్వాత బంకును అనుమానిస్తారు, ఈమధ్య పెట్రోల్లో కలుస్తున్న ఇథనాల్‌ను కూడా. ఆ చివరి అనుమానంలో కొంత నిజముంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. అందువల్ల 20 శాతం కలిపిన ఇంధనంతో మైలేజీ కొన్ని శాతాలు తగ్గడం సహజం. కానీ అమెరికా ఇంధన శాఖ వాహనదారులకు చెప్పే లెక్క దీనికంటే చాలా పెద్దది. దూకుడుగా నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుందని ఆ శాఖ అంటోంది. ట్యాంకులో ఏముందన్నదాని కంటే పెడల్ మీద కాలు ఏం చేస్తోందన్నదే పెద్ద సంగతి.

లీటరు పెట్రోల్లో ఉండే శక్తి సుమారు 33 మెగాజౌల్స్. ఇంటి కరెంటు మీటరు భాషలో చెప్తే తొమ్మిది యూనిట్లకు పైనే. ఇందులో చక్రాల దాకా చేరేది రమారమి నాలుగోవంతు. మిగతాదంతా రేడియేటరులోంచి, సైలెన్సరులోంచి వేడిగా పోతుంది. ఆ నష్టాన్ని తగ్గించడం ఇంజినీర్ల పని. చక్రాలకు అందిన నాలుగోవంతు మళ్లీ మూడు దారుల్లో ఖర్చవుతుంది. ఎదురుగాలిని నెట్టడానికి కొంత, టైర్ల రాపిడికి కొంత, బ్రేకులకు కొంత. మొదటి రెండూ బండి నడిచినంతసేపూ కట్టక తప్పని సుంకం. మూడోది మాత్రం పూర్తిగా డ్రైవరు చేతిలో, కచ్చితంగా చెప్పాలంటే డ్రైవరు కంటిలో ఉంది.

ఆ మూడోదాని ఖరీదు ఎంతో లెక్కవేస్తే ఆశ్చర్యమేస్తుంది. మనిషితో కలిపి వెయ్యి కిలోల బరువున్న చిన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దానిలో దాగిన గతిశక్తి దాదాపు 139 కిలోజౌల్స్. నిలబడ్డ కారును ఆ వేగానికి తేవడానికి కాలిన పెట్రోలు 16, 17 మిల్లీలీటర్లు. టీ చెంచాతో కొలిస్తే మూడు చెంచాలు దాటుతుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కి కారును ఆపగానే ఆ మూడు చెంచాలూ డిస్కుల మీద వేడిగా మారి గాలిలో కలిసిపోతాయి. మళ్లీ కదలాలంటే మరో మూడు చెంచాలు పోయాలి. అలా అరవైసార్లు ఆగి లేస్తే లీటరు చెల్లు. పైగా ఈ ఖర్చు వేగానికి సమంగా పెరగదు, వర్గంతో పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పోయేది ఆరు చెంచాలు.

అందుకే అనుభవమున్న డ్రైవరు చూపు ముందు బండి బంపరు మీద ఉండదు, దానికి ముందున్న నాలుగో బండి మీద ఉంటుంది. మూడు వందల మీటర్ల దూరంలో సిగ్నల్ ఎర్రగా కనిపించింది. ఒక కారు అదే ఊపులో పోయి, జీబ్రా గీతల దగ్గర గట్టిగా బ్రేకు కొట్టి ఆగింది. రెండో కారు డ్రైవరు దీపం కనబడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు. బండి గేరులోనే దొర్లుతూ, నెమ్మదిస్తూ, గీతల దాకా వచ్చేసరికి 25 వేగంలో ఉంది. అప్పటికి పచ్చదీపం పడింది. అతడు రెండో గేరు వేసి సాగిపోయాడు. మొదటి కారు సున్నా నుంచి లేవాల్సి వచ్చింది. చివరి మూడు వందల మీటర్లకూ మొదటివాడు పెట్రోలు పోసింది ఎర్రదీపం దగ్గరికి తొందరగా చేరడానికి. రెండోవాడు పోయలేదు. ఇద్దరూ తర్వాతి సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఉంటారు.

దీనికి వెంటనే వచ్చే జవాబు, హైదరాబాద్‌లో ముందు ఖాళీ వదిలితే ఆటో దూరుతుందని. దూరుతుంది, నిజమే. పది బళ్లు దూరినా పోయేది అర నిమిషం. ఖాళీ ఉన్నవాడు ముందు బండి చేసే ప్రతి తైతక్కకూ బ్రేకు నొక్కనక్కర్లేదు, కాలు కాస్త ఎత్తితే చాలు. స్పీడ్ బ్రేకర్ల సంగతీ ఇంతే. రోజూ వెళ్లే దారిలో అవి ఎక్కడెక్కడున్నాయో అందరికీ తెలుసు. అయినా వాటి మీదికి ఉరికి, నెత్తిన బ్రేకు కొట్టి, దాటగానే మళ్లీ తొక్కడం అలవాటైపోయింది. గుర్తుపెట్టుకుని యాభై గజాల ముందే కాలు తీస్తే పెట్రోలుతో పాటు నడుమూ బాగుపడుతుంది.

మెల్లగా ఎత్తుకోవాలి, మెల్లగా వేగం పెంచాలి అన్న సలహా ఎక్కడ చూసినా ఉంటుంది. అందులో సగమే నిజం. పెట్రోలు ఇంజన్ గాలిని థ్రాటిల్ అనే చిన్న తలుపు గుండా పీల్చుకుంటుంది. యాక్సిలరేటరు మీద కాలు ఆనీ ఆనకుండా పెడితే ఆ తలుపు దాదాపు మూసుకునే ఉంటుంది. కొబ్బరిబోండంలో పెట్టిన స్ట్రాను వేళ్లతో నొక్కిపట్టి తాగడానికి ప్రయత్నిస్తే బుగ్గలకు ఎంత శ్రమో తెలుసు కదా, ఇంజన్‌కూ అంతే. తన శక్తిలో కొంత గాలి పీల్చుకోవడానికే ఖర్చుపెట్టుకుంటుంది. తలుపు తగినంత తెరుచుకుని, ఇంజన్ భ్రమణాలు తక్కువగా ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. కాబట్టి మొదటి గేరులో కిలోమీటరు దూరం పాకడం పొదుపు కాదు. బండిని చురుగ్గా కదిలించి, ఇంజన్ అరవకముందే రెండు, మూడు, నాలుగు గేర్లకు మారిపోవడం పొదుపు. అలాగని ఇరవై వేగంలో నాలుగో గేరు వేస్తే ఇంజన్ దడదడలాడుతుంది, అదీ మంచిది కాదు. ఆ హద్దు ఎక్కడో చెవి చెప్తుంది.

ఈ మెళకువలను మనుషులు పట్టుదలగా వెతకడం వెనక ఒక పందెం కథ ఉంది. 1939లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో, వుడ్ రివర్ అనే ఊళ్లోని షెల్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేవాళ్లు తమలో తాము పందెం కట్టుకున్నారు. ఒక గ్యాలన్ పెట్రోలుతో ఎవరి కారు ఎక్కువ దూరం పోతుందని. గెలిచిన రాబర్ట్ గ్రీన్‌షీల్డ్స్ కారు గ్యాలన్‌కు దాదాపు 50 మైళ్లు నడిచింది, అంటే లీటరుకు 21 కిలోమీటర్లు. ఇవాళ్టి మారుతి బండి ఇచ్చేంత మైలేజీని ఎనభై ఏళ్ల కిందటి బరువైన అమెరికన్ కార్ల కాలంలో తెచ్చారు. ఆ సరదా ఏటా జరిగే పోటీగా ఎదిగింది. 1973 నాటికి, ఆనవాలు పట్టలేనంతగా మార్చేసిన 1959 నాటి ఓపెల్ కారు గ్యాలన్‌కు 376 మైళ్లు దాటింది. లీటరుకు 160 కిలోమీటర్లు! అదే ఇప్పటి షెల్ ఎకో మారథాన్.

ఇలాంటి పోటీల్లో ఆరితేరినవాళ్ల ఆయుధం ఒకటే. ఇంజన్ బాగా పనిచేసే స్థితిలో కాసేపు వేగం పెంచి, తర్వాత ఆ ఊపు మీద దొర్లుతూ పోవడం, వేగం తగ్గాక మళ్లీ కాసేపు ఊపివ్వడం. పల్లెల్లో సైకిల్ తొక్కేవాళ్లు నాలుగు తొక్కుళ్లు తొక్కి, పాదాలు నిలిపి సాగిపోయే పద్ధతే ఇది. వేన్ గెర్డెస్ అనే అమెరికన్ ఈ విద్యకు హైపర్‌మైలింగ్ అని పేరు పెట్టాడు. పీపా ముడిచమురు 147 డాలర్లకు ఎగబాకిన 2008లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ఆ మాటనే ఆ ఏటి మాటగా ఎంచింది. అయితే ఆ పేరుతో కొందరు లారీల వెనక గాలి తగలనంత దగ్గరగా నడపడం, పరుగులో ఉండగా ఇంజన్ ఆపేయడం మొదలుపెట్టారు. లారీ డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే ఆ పొదుపుకు ప్రాణమే మూల్యం. పోటీ ట్రాకు మీద చేసేవి జనం తిరిగే రోడ్డు మీద చేయకూడదు.

హైవే ఎక్కాక కథ మారుతుంది. అక్కడ బ్రేకుల ఖర్చు తగ్గి, గాలి ఖర్చు తలెత్తుతుంది. ఒక మామూలు కారును 60 వేగంలో గాలి వెనక్కి నెట్టే బలం సుమారు 12 కిలోల బరువంత. 80లో అది 21 కిలోలు, 100లో 33, 120లో 47. టైర్ల రాపిడి మాత్రం పది కిలోల దగ్గరే ఉండిపోతుంది. చేతిని కిటికీలోంచి బయటపెట్టి చూసే పిల్లలకు ఈ సంగతి పెద్దవాళ్ల కంటే బాగా తెలుసు.

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 270 కిలోమీటర్లు. ఆగకుండా 80తో పోతే 3 గంటల 22 నిమిషాలు, 100తో పోతే 2 గంటల 42 నిమిషాలు. తేడా 40 నిమిషాలు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల చాలా రకాల కార్లను పరీక్షించి, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 96కు వెళ్లేసరికి మైలేజీ సగటున 12 శాతం పడిపోతోందనీ, ఆ పైన ఇంకా వేగంగా పడుతోందనీ తేల్చింది. ఆ లెక్కన విజయవాడ ప్రయాణంలో ఆ 40 నిమిషాల ధర రెండు, రెండున్నర లీటర్లు. పంతంగి టోల్‌గేటు దగ్గర వరుస, సూర్యాపేటలో టిఫిను, కోదాడ దగ్గర లారీల బారు కలిస్తే ఆ 40 నిమిషాల్లో చేతికి దక్కేది ఏ పావుగంటో. ఆస్పత్రికి పోవాల్సినవాడికి ఆ పావుగంట విలువ వేరు. పండక్కి ఊరెళ్లే కుటుంబానికి అంత తొందరేమీ లేదు.

ఒక దేశం మొత్తం ఈ పాఠాన్ని చట్టంగా రాసుకుంది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక, 1974 జనవరి 2న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అమెరికా అంతటా గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లయింది, అంటే 88 కిలోమీటర్లు. ఎంత ఇంధనం మిగిలిందన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. కానీ 1973లో 54 వేలు దాటిన రోడ్డు మరణాలు 1974లో 45 వేలకు దిగాయి. జనం తిరగడం తగ్గడమూ అందుకు ఒక కారణమే, వేగం తగ్గడమూ కారణమే. 1995లో ఆ చట్టాన్ని ఎత్తేశారు.

ఇక మన దగ్గర పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దిగుడు వస్తే న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందన్నది. ఇది ఎక్కడినుంచో ఊడిపడ్డ మూఢనమ్మకం కాదు. అంబాసిడర్లు, పద్మినిలు, తొలినాటి మారుతి 800లు కార్బ్యురేటర్ బళ్లు. వాటిలో గేరులో దిగుతుంటే, కాలు తీసేసినా, వేగంగా తిరిగే ఇంజన్ సన్నటి రంధ్రం గుండా పెట్రోలు పీలుస్తూనే ఉండేది. న్యూట్రల్ చేస్తే భ్రమణాలు తగ్గి ఆ పీల్పు తగ్గేది. తండ్రి కొడుక్కి, పాత డ్రైవరు క్లీనరుకు నేర్పింది ఆనాటికి ఉన్న సత్యమే.

2000 సంవత్సరం ప్రాంతం నుంచి మన కార్లలోకి ఎంపీఎఫ్ఐ వచ్చింది. కార్బ్యురేటర్ పోయి, కంప్యూటర్ ఆజ్ఞ మీద పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. బండి గేరులో ఉండి, కాలు యాక్సిలరేటరు మీద లేకపోతే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయని ఆ కంప్యూటర్ గ్రహిస్తుంది. వెంటనే ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఒక్క చుక్క కూడా కాలదు. భ్రమణాలు బాగా తగ్గాక, ఇంజన్ ఆగిపోకుండా, మళ్లీ తెరుస్తుంది. అదే న్యూట్రల్ చేశారనుకోండి, ఇంజన్‌ను తిప్పడానికి చక్రాల సాయం ఉండదు, ఆరిపోకుండా బతకాలంటే పెట్రోలు కాల్చుకోవాల్సిందే. లెక్క తలకిందులైంది, అలవాటు మాత్రం మారలేదు.

తిరుమల నుంచి అలిపిరికి దిగే మొదటి ఘాట్ రోడ్డు దీనికి చక్కటి ప్రయోగశాల. 1944లో తెరిచిన ఆ దారి పొడవునా మలుపులే. దిగాల్సిన ఎత్తు సుమారు 700 మీటర్లు. కుటుంబంతో కలిపి 1,200 కిలోల కారు అంత ఎత్తు దిగుతుంటే విడుదలయ్యే శక్తి 8 మెగాజౌల్స్ దాటుతుంది. టైర్లూ గాలీ తినగా మిగిలే ఐదున్నర మెగాజౌల్స్ ఎక్కడికో పోవాలి. ఒక పెద్ద బిందెడు చన్నీళ్లను సలసల మరిగించేంత వేడి అది. న్యూట్రల్‌లో దిగితే ఆ వేడి మొత్తం నాలుగు చక్రాల బ్రేకుల మీదే పడుతుంది. ప్యాడ్లు కాలిన వాసన, కొండ కింద చక్రం దగ్గర చెయ్యి పెడితే తగిలే సెగ, పెడల్ మెత్తబడి లోపలికి పోవడం, ఇవన్నీ దాని లక్షణాలే. రెండో గేరులో దిగితే ఆ భారంలో పెద్ద వాటా ఇంజన్ మోస్తుంది, పెట్రోలు తాగకుండానే. న్యూట్రల్‌లో దిగినవాడు ముప్పావుగంట సేపు ఇంజన్‌ను ఊరికే మేపినందుకు అర లీటరు దాకా అదనంగా కట్టుకుంటాడు. సన్నటి వాలు ఉన్న తిన్నని రోడ్డు మీద న్యూట్రల్‌లో బండి కాస్త ఎక్కువ దూరం దొర్లే మాట నిజమే. బ్రేకు నొక్కక తప్పని దిగుడులో మాత్రం గేరుకు సాటి లేదు.

నిలబడి ఉన్న బండి తినే తిండి సంగతీ ఇలాంటిదే. చిన్న కారు ఇంజన్ ఊరికే తిరుగుతుంటే గంటకు ముప్పావు లీటరు చుట్టుపక్కల కాలుతుంది, ఏసీ వేస్తే ఇంకాస్త. రోజుకు పది సిగ్నళ్లలో తొంభై సెకన్ల చొప్పున ఆగితే పావుగంట. అంటే దాదాపు 190 మిల్లీలీటర్లు, ఓ పెద్ద గ్లాసుడు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కొలిచి చెప్పినదాని ప్రకారం, పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే తక్కువ ఖర్చు. 2020లో ఢిల్లీ ప్రభుత్వం ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ అంటూ ప్రచారం చేసింది పొగ తగ్గించడానికే అయినా, జేబుకూ అది మేలే. సెకన్ల లెక్క చూపించే సిగ్నల్ దగ్గర ఈ పని చాలా సులువు.

టైర్లలో గాలి తగ్గితే రాపిడి పెరుగుతుంది. పదిహేను రోజులకోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం చూసి గాలి కొట్టించుకుంటే చాలు. ఏసీ విషయంలో, ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు అద్దాలు దించుకోవడం, హైవే మీద అద్దాలెత్తి ఏసీ వేసుకోవడం మేలు. మే నెల ఎండలో నిలిపిన కారు ఎక్కగానే తలుపులు తెరిచి వేడిగాలి పోనిచ్చి, ఆ తర్వాత ఏసీ వేస్తే దానికి పని తగ్గుతుంది. ఖాళీ లగేజీ క్యారియర్‌ను పండగ అయిపోయాక కూడా నెత్తిన మోయడం ఎందుకో ఆలోచించాలి. దాని బరువు కంటే అది గాలికి అడ్డం పడటమే ఎక్కువ నష్టం.

షోరూములో చెప్పే మైలేజీ దారిలో ఎందుకు రాదని అడిగేవాళ్లు చాలామంది. ఆ అంకె రోడ్డు మీద తీసింది కాదు. ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థల ప్రయోగశాలలో, తిరిగే రోలర్ల మీద, ఏసీ ఆపి, దాదాపు ఇరవై నిమిషాల పాటు, 90 మించని వేగంతో, ముందే గీసిన క్రమంలో నడిపి తీసింది. కార్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. సొంత మైలేజీ తెలియాలంటే ట్యాంకు ఫుల్ చేయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ అదే బంకులో ఫుల్ చేయించి భాగించుకోవాలి. డిపోలో కేఎంపీఎల్ కట్టేదీ అలాగే.

ఆ కేఎంపీఎల్ మాట ఇప్పుడు తిరుమల కొండ మీదే మారుతోంది. 2022 నుంచి ఆ ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. దిగుడులో డ్రైవరు కాలు తీయగానే వాటి మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. పన్నెండు టన్నుల బస్సు 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 23 యూనిట్లు. టైర్లకు, గాలికి, మోటారు నష్టాలకు పోగా అందులో కొంత భాగం బ్యాటరీకి చేరుతుంది. ఎంత చేరుతుందన్నది మళ్లీ డ్రైవరు మీదే ఉంది. మలుపు కనబడగానే నెమ్మదిగా వేగం తగ్గిస్తే ఆ పని మోటారు చేస్తుంది. మలుపులోకి వచ్చాక గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులు పట్టుకుంటాయి, ఆ కరెంటు డ్రమ్ముల మీదో డిస్కుల మీదో వేడిగా పోతుంది. డీజిల్ లీటర్ల చోట కిలోమీటరుకు ఎన్ని యూనిట్లు అన్న లెక్క వచ్చింది. దాన్ని తగ్గించడానికి డ్రైవరు చూడాల్సింది మాత్రం ఆ ముందున్న మలుపు వైపే.